బడికీ ఇంటికీ మధ్య కబురు ఆగకుండా: పిల్లల్ని పెంచేవాళ్ళకు సమగ్ర మార్గదర్శి

బడిలో నోరు మెదపని పిల్ల ఇంటికొచ్చాక ఇల్లు పీకి పందిరేస్తుంది. ఇంట్లో అమ్మ కొంగు వదలని పిల్లాడు క్లాసులో పదిమందిని వెంటేసుకుని తిరుగుతాడు. టీచర్ చూసేది ఒక సగం, మనం చూసేది ఇంకో సగం. ఎవరికి కనపడిన సగాన్ని బట్టి వాళ్ళు నిర్ణయాలు తీసుకుంటారు. ఎక్కడైనా తేడా వస్తే అవతలివాళ్ళు పట్టించుకోలేదని అనుకుంటారు. నేను చూసినంతవరకు బడికీ ఇంటికీ మధ్య వచ్చే పేచీల్లో ఎక్కువ భాగం ఇలా మొదలైనవే. చిన్న విషయం ఎవరో ఒకరు సమయానికి చెప్పి ఉండరు, అంతే. అందుకే అవతలివాళ్ళకు కనపడని సంగతిని ముందుగా, క్లుప్తంగా, సూటిగా అందించడం ఎలాగో ఇక్కడ చెప్తాను. అమ్మానాన్నలకే కాదు, మనవల్ని పెంచుతున్న అమ్మమ్మలకు, తాతయ్యలకు, పిల్లల బాధ్యత తీసుకున్న పిన్నిబాబాయిలకు కూడా ఇదే వర్తిస్తుంది.

1. బడి తెరిచిన మొదటి రెండు వారాల్లో

ముందు ఎవరిని ఏం అడగాలో తెలుసుకోండి. పిల్లల చదువు, ప్రవర్తన, స్నేహాల గురించి అయితే క్లాస్ టీచర్. ఒకే సబ్జెక్టులో ఇబ్బంది ఉంటే ఆ సబ్జెక్ట్ టీచర్. ఫీజు, సర్టిఫికెట్లు, చిరునామా మార్పు వంటివి ఆఫీసు. బస్సు ఆలస్యమైతే బస్సు ఇన్‌చార్జి. ఇది అందరికీ తెలిసినట్టే ఉంటుంది. కానీ బస్సు రాలేదని క్లాస్ టీచర్‌కి మెసేజ్ పెట్టి జవాబు కోసం ఎదురుచూసేవాళ్ళు ఎంతోమంది. ఆవిడ ఆ సమయానికి పాఠం చెప్తూ ఉంటుంది, ఫోన్ బ్యాగులో ఉంటుంది.

అడ్మిషన్ ఫారంలో ఫోన్ నంబర్లు ఒకసారి సరిచూసుకోండి. నంబర్ మార్చి బడికి చెప్పని ఇళ్ళు చాలా ఉంటాయి. రెండో నంబర్‌గా నిజంగా ఫోన్ ఎత్తేవాళ్ళది, అరగంటలో బడికి రాగలిగినవాళ్ళది ఇవ్వండి. పిల్లల్ని తీసుకెళ్ళడానికి ఎవరెవరు రావచ్చో పేర్లతో రాసి ఇవ్వండి. అమ్మానాన్నలు వేరుగా ఉంటున్నట్టయితే ఇద్దరికీ సర్క్యులర్లు అందేలా ముందే అడగండి. పిల్లల్ని ఎవరి వెంట పంపాలన్న దాని మీద కోర్టు ఉత్తర్వు ఉంటే దాని కాపీ ఆఫీసులో ఉండాలి. నోటిమాటగా చెప్పినదాన్ని గేటు దగ్గర ఎవరూ అమలుచేయలేరు.

ఆ తర్వాత పిల్లల గురించి ఒక్క పేజీ రాసి క్లాస్ టీచర్‌కి ఇవ్వండి. ఇది ఎక్కువమంది చేయరు. చేసినవాళ్ళకు ఏడాదంతా ఉపయోగపడుతుంది. పొగడ్తలు, జాతకాలు అక్కర్లేదు. టీచర్ రేపు పొద్దున వాడుకోగలిగే విషయాలు ఉండాలి. ఉదాహరణకు ఇలా:

"కుడి చెవి కొంచెం తక్కువ వినపడుతుంది, ఎడమ పక్క నుంచి మాట్లాడితే మేలు. బాత్రూంకి వెళ్ళాలని అడగడానికి మొహమాటపడతాడు. ఎవరైనా గట్టిగా అరిస్తే ఏడవడు కానీ ఆ తర్వాత చాలాసేపు ఏమీ రాయడు. కాసేపు బొమ్మ గీసుకోనిస్తే తేరుకుంటాడు. ఈ మధ్యే ఇల్లు మారాం, పాత స్నేహితులు దూరమయ్యారు."

అలర్జీ, ఫిట్స్, ఆస్తమా లాంటివి ఉంటే ఈ పేజీలో ఒక వాక్యంగా రాస్తే సరిపోదు. డాక్టర్ రాసిచ్చిన కాగితం, మందు అసలు ప్యాకెట్‌తో సహా, ఎప్పుడు ఎంత ఇవ్వాలో లేబుల్ కనపడేలా ఆఫీసులో ఇవ్వాలి. కేవలం ఇచ్చి వచ్చేయకుండా ఇంకో ప్రశ్న అడగండి: "అవసరం పడితే ఇది ఎవరు ఇస్తారు? ఆ మనిషి సెలవులో ఉంటే ఎవరు?" పేరు చెప్పగలిగితే ఏర్పాటు ఉన్నట్టు. "చూసుకుంటాం లెండి" అంటే లేనట్టు.

2. రోజూ సాయంత్రం ఒక పది నిమిషాలు

బ్యాగ్ తెరవండి, పిల్లల ఎదురుగానే, వాళ్ళ చేతనే తీయించండి. డైరీ, సర్క్యులర్లు, టిఫిన్ బాక్స్, వాటర్ బాటిల్. అడుగున నలిగిపోయి, బాటిల్ కారి తడిసిపోయిన కాగితం ఒకటి దొరుకుతుంది. ముఖ్యమైనది అదే అయి ఉంటుంది, ఎందుకో గానీ. సంతకం పెట్టాల్సింది ఉంటే అప్పుడే పెట్టి బ్యాగులో పెట్టేయండి. "పొద్దున చూద్దాం" అనుకున్న కాగితం పొద్దున కనపడదు.

తేదీ ఉన్న ప్రతి విషయాన్నీ ఇంట్లో అందరికీ కనపడే ఒకే క్యాలెండర్ మీద రాయండి: పరీక్ష, ఫీజు గడువు, రంగు బట్టలు వేసుకెళ్ళాల్సిన రోజు, ప్రాజెక్టు ఇవ్వాల్సిన రోజు. పిల్లలు చదవగలిగే వయసైతే ఆ రాసే పని వాళ్ళదే. ఎనిమిదో తరగతి వచ్చినా అమ్మే టైమ్ టేబుల్ చూసి పుస్తకాలు సర్దుతున్న ఇళ్ళు కనపడుతుంటాయి. అది ప్రేమే కావచ్చు, కానీ ఆ పిల్లాడికి మర్నాడు ఏ పీరియడ్ ఉందో తెలుసుకునే అవసరం ఎప్పటికీ రాదు.

రేపటికి అక్కర్లేని పుస్తకాలు తీసేయించండి. బ్యాగ్ బరువు పిల్లల బరువులో 10 శాతం దాటకుండా ఉంటే మంచిది. 25 కిలోల పిల్లకు రెండున్నర కిలోలన్నమాట. ఒకసారి తూకం వేసి చూస్తే ఆశ్చర్యపోతారు. పుస్తకాలన్నీ రోజూ తెమ్మనడం వల్లే ఆ బరువు వస్తుంటే, తూకం అంకె రాసి క్లాస్ టీచర్‌కి చూపించండి. "బ్యాగ్ బరువుగా ఉంటోంది" అన్నదానికంటే "5 కిలోల 200 గ్రాములు ఉంది" అంటే వినేవాళ్ళు ఆగి ఆలోచిస్తారు.

నిద్ర సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకు రోజుకి 9 నుంచి 12 గంటలు, 13 నుంచి 18 ఏళ్ళవాళ్ళకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2016లో సూచించింది. క్లాసులో "ధ్యాస లేదు" అనిపించుకునే పిల్లలు కొందరి విషయంలో మొదట చూడాల్సింది ట్యూషన్ కాదు, పడుకునే టైము.

3. "ఈరోజు ఏం జరిగింది?" అని అడగకండి

జవాబు "ఏం లేదు" అనే వస్తుంది. ఆరేడు గంటలు గడిపి వచ్చిన పిల్లలకు ఆ ప్రశ్న మరీ పెద్దది. వచ్చిన వెంటనే ఏదీ అడగకుండా, తిని, కాసేపు ఆడుకున్నాక చిన్న ప్రశ్నలు వేయండి. "ఇంటర్వెల్‌లో ఎవరితో ఉన్నావు?" "ఇవాళ ఎవరికైనా చీవాట్లు పడ్డాయా?" ఈ రెండోదానికి పిల్లలు ఉత్సాహంగా జవాబు చెప్తారు, ఎందుకంటే అది వేరేవాళ్ళ గురించి. అందులోంచే క్లాసు వాతావరణం మనకు తెలుస్తుంది. ఎదురెదురుగా కూర్చుని అడిగేకంటే పక్కపక్కన నడుస్తూనో, బట్టలు మడతపెడుతూనో అడిగితే మాటలు తేలిగ్గా వస్తాయి.

టీచర్ గురించి పిల్లల ముందు తేలిగ్గా మాట్లాడకండి. మీకు కోపం వచ్చినా సరే. రేపు పొద్దున ఆ టీచర్ చెప్పింది వినాల్సింది వాళ్ళే.

4. టీచర్‌కి మెసేజ్ రాయడం

ముందు, ఏది మెసేజ్‌కి తగినదో ఏది కాదో చూసుకోండి. ఈరోజు సాయంత్రం పిల్లాణ్ణి వేరేవాళ్ళు తీసుకెళ్తారంటే ఆఫీసుకి ఫోన్ చేయాలి, మెసేజ్ పనికిరాదు. రేపటి సెలవు, హోంవర్క్ సందేహం లాంటివి డైరీలోనో మెసేజ్‌లోనో సరిపోతాయి. పిల్లల ఏడుపు, భయం, ఎవరో కొట్టారన్న మాట, ఇంట్లో జరిగిన పెద్ద మార్పు లాంటివైతే టైము అడిగి కలిసి మాట్లాడాలి. గేటు దగ్గర, నలుగురి మధ్యలో, అర నిమిషంలో తేల్చే విషయాలు కావవి.

ఇప్పుడు రాత సంగతి. చాలా మెసేజ్‌లు ఇలా ఉంటాయి:

"మా వాడికి లెక్కలు సరిగా చెప్పడం లేదు. రోజూ ఏడుస్తున్నాడు. కొంచెం పట్టించుకోండి."

ఇందులో అబద్ధం లేకపోవచ్చు. కానీ చదివిన టీచర్ దీంతో ఏం చేయగలదు? తనను తాను సమర్థించుకోవడం తప్ప మరో దారి కనపడదు. అదే విషయాన్ని ఇలా రాసి చూడండి:

"నమస్తే మేడమ్. 5వ తరగతి బి సెక్షన్, రోల్ నంబర్ 14 వాళ్ళ అమ్మని. సోమవారం నుంచి భిన్నాల కూడికలు తనంతట తాను చేయలేకపోతున్నాడు. హారాలు ఒకటే అయితే చేస్తున్నాడు. వేరువేరుగా ఉంటే పైవి పైవి, కిందవి కిందవి కూడేసి 1/2 + 1/3 = 2/5 అంటున్నాడు. క్లాసులో మీరు ఏ పద్ధతిలో చెప్పారో తెలిస్తే ఇంట్లో నేనూ అలాగే చెప్తాను. తొందరేం లేదండీ, ఈ వారంలో ఎప్పుడైనా డైరీలో రాసినా చాలు."

రెండో మెసేజ్ కొంచెం పొడవే. కానీ ఎవరు రాస్తున్నారు, ఏం కనపడింది, ఎప్పటి నుంచి, ఏం కావాలి, ఎప్పటిలోగా అన్నవన్నీ ఉన్నాయి. పిల్లాడు చేస్తున్న తప్పు అచ్చంగా ఎక్కడుందో టీచర్‌కి దొరికింది. ఆ తప్పు క్లాసులో ఇంకా నలుగురైదుగురు చేస్తూ ఉంటారు కూడా. చూసినదాన్ని రాయండి, మీ ఊహను రాయకండి. "మా అమ్మాయిని కావాలని వెనక కూర్చోబెట్టారు" అన్నది ఊహ. "మూడు వారాలుగా చివరి బెంచిలో కూర్చుంటోంది, బోర్డు కనపడటం లేదంటోంది" అన్నది చూసిన సంగతి. దాంతోపాటు ఒకసారి కంటి పరీక్ష కూడా చేయించండి. బోర్డు కనపడకపోవడానికి కారణం బెంచి కాకపోవచ్చు.

రాత్రి పదింటికి కోపంగా రాసిన మెసేజ్ ఉంటే డ్రాఫ్ట్‌లో ఉంచి పొద్దున చదవండి. పంపాలనిపిస్తే అప్పుడు పంపవచ్చు. జవాబుకి ఒకటి రెండు పనిరోజులు ఆగడం మర్యాద.

బాగా జరిగినదాన్ని కూడా అప్పుడప్పుడు రాయండి. "మీరు చెప్పిన మొక్కల పాఠం విన్నాక ఇంట్లో అందరికీ వేళ్ళ గురించి క్లాసు పీకింది" అని ఒక్క లైను చాలు. ఎప్పుడూ ఫిర్యాదుకే మోగే ఫోన్ నంబర్ కనపడితే ఎవరికైనా చెయ్యి వెనక్కి పోతుంది.

వాట్సాప్ గ్రూపు ఉంటే అది ప్రకటనల కోసం. మీ పిల్లాడి మార్కులు, ఇంకొకరి పిల్లాడి ప్రవర్తన, టీచర్ మీద అసంతృప్తి, మరొకరి పిల్లలు కూడా ఉన్న ఫోటోలు అక్కడికి రాకూడదు. అంతకుమించి చెప్పడానికేం లేదు.

5. సెలవులు, జ్వరాలు

రాకపోతున్న సంగతి ఆ పొద్దునే, హాజరు తీసుకునేలోపు చెప్పండి. ఇంటి నుంచి బయల్దేరి బడికి చేరని పిల్లల్ని వెంటనే గుర్తించాలంటే, మిగతా గైర్హాజరీలకు కారణం బడికి తెలిసి ఉండాలి. కారణం నిజమే చెప్పండి. ఊరెళ్ళి జ్వరమని రాస్తే, ఆ అబద్ధంలో భాగస్వామి అయిన పిల్లాడు మర్నాడు క్లాసులో ఊరి కబుర్లు చెప్పేస్తాడు.

ఎప్పుడు పంపకూడదన్న దానికి చాలా బడులు వాడే కొలతలు ఇవి. మందు వేయకుండానే 24 గంటలు జ్వరం లేకపోతే పంపవచ్చు. వాంతులు, విరేచనాలు అయితే చివరిసారి అయ్యాక 48 గంటలు ఆగమంటారు, కొన్నిచోట్ల 24. ఆటలమ్మ అయితే పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేదాకా. తలలో పేలు ఉన్నంత మాత్రాన బడి మానిపించక్కర్లేదు, చికిత్స మొదలుపెట్టి పంపవచ్చు. మీ బడి నియమం వేరుగా ఉంటే దాన్నే పాటించండి. పొద్దున పారాసిటమాల్ వేసి పంపితే మధ్యాహ్నానికి మళ్ళీ ఒళ్ళు కాలి ఫోన్ వస్తుంది.

ఒక్కో రోజే కదా అనిపించే సెలవుల లెక్క మాత్రం చూసుకోండి. బడి రోజుల్లో 10 శాతం పోతే దాన్ని తీవ్రమైన గైర్హాజరుగా అమెరికా లాంటి చోట్ల లెక్కిస్తారు. 200 రోజుల ఏడాదిలో అది 20 రోజులు, అంటే నెలకి రెండు. తరచూ సోమవారమో, ఫలానా పీరియడ్ ఉన్న రోజో కడుపునొప్పి వస్తుంటే డాక్టర్‌కి చూపించడంతో పాటు ఆ రోజు బడిలో ఏముందో టైమ్ టేబుల్ తీసి చూడండి.

6. హోంవర్క్

హోంవర్క్ పిల్లలది. మన పని చోటు, టైము, నిశ్శబ్దం ఏర్పాటు చేయడం వరకే. ఎంతసేపు అన్నదానికి ఒక మోటు లెక్క ఉంది. తరగతి సంఖ్యను పదితో గుణిస్తే వచ్చే నిమిషాలు. 3వ తరగతికి 30 నిమిషాలు, 6వ తరగతికి గంట. ఈ అంశం మీద విస్తృతంగా పనిచేసిన హారిస్ కూపర్, ఆయన సహ పరిశోధకులు 2006లో ప్రచురించిన సమీక్షలో హోంవర్క్‌కీ చదువు ఫలితాలకూ ఉన్న సంబంధం పెద్ద తరగతుల్లో బలంగా, చిన్న తరగతుల్లో బలహీనంగా కనపడింది. రెండో తరగతి పిల్లని రాత్రి పదిదాకా కూర్చోబెట్టడానికి ఆధారం లేదన్నమాట.

టైము దాటిపోతే ఆపించి, పుస్తకంలో పెన్సిల్‌తో "40 నిమిషాలు కూర్చుంది, ఇక్కడిదాకా సొంతంగా చేసింది" అని రాసి సంతకం పెట్టండి. మనం పూర్తిచేసి పంపితే టీచర్‌కి ఆ పాఠం అందరికీ వచ్చేసిందన్న తప్పుడు సమాచారం వెళ్తుంది. అమ్మ చేతి అట్టముక్కల నమూనాలు చూడగానే తెలిసిపోతాయి, టీచర్లు మర్యాదకి ఏమీ అనరు.

7. పేరెంట్స్ మీటింగ్

మీకు దొరికేది ఐదు, పది నిమిషాలు. ముందురోజే పిల్లల్ని అడగండి: "మీ టీచర్ నీ గురించి ఏం చెప్తారనుకుంటున్నావు? నేను ఏం అడగాలి?" ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలోని 12వ అధికరణం తమకు సంబంధించిన విషయాల్లో అభిప్రాయం చెప్పే హక్కు పిల్లలకు ఉందంటుంది. అంత దూరం వెళ్ళకపోయినా, వాళ్ళ జవాబుతోనే సగం మీటింగ్ ముందే అయిపోతుంది.

రెండు ప్రశ్నలు కాగితం మీద రాసుకెళ్ళండి. మార్కులు ప్రోగ్రెస్ కార్డులో ఎలాగూ ఉన్నాయి, వాటిని మళ్ళీ చదివించుకోవద్దు. "జవాబు పత్రాల్లో ఎలాంటి తప్పులు ఎక్కువ కనపడుతున్నాయి?" అని అడగండి. తెలియక తప్పు రాయడం, తెలిసీ తొందరలో వదిలేయడం, ప్రశ్న సరిగా చదవకపోవడం అన్నవి మూడు వేర్వేరు సమస్యలు. మూడింటికీ వచ్చే మార్కు మాత్రం ఒకటే. రెండోది: "ఒంటరిగా ఉంటోందా, ఎవరితో కలుస్తోంది?" ఈ ప్రశ్నకి టీచర్ కాసేపు ఆలోచిస్తుంది, ఆ ఆలోచన మనకు కావాలి. లేచే ముందు "ఇంట్లో మేము ఒక్క పని చేయాలంటే ఏది చేయమంటారు?" అంటే పనికొచ్చే జవాబు వస్తుంది. పది సలహాలు తీసుకుని ఇంటికెళ్ళి ఏదీ చేయనిదానికంటే ఇది నయం.

పిల్లాడు పక్కనే ఉంటే అక్కడ తిట్టకండి. "ఇంట్లో కూడా అంతే మేడమ్, మాట వినడు, మీరే రెండు తగిలించండి" అనే పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. పిల్లల్ని కొట్టడానికి ఎవరికీ అనుమతి ఇవ్వకండి, మాటవరసకైనా. ఇంటికొచ్చాక టీచర్ మెచ్చుకున్నది ముందు చెప్పండి, తర్వాత మార్చుకోవాల్సింది ఒక్కటి. ఆ ఒక్కటి ఏమైందో రెండు మూడు వారాల తర్వాత టీచర్‌కి రెండు లైన్లు రాయండి.

8. గొడవ వచ్చినప్పుడు

పిల్లల మధ్య తగవుకీ వేధింపుకీ తేడా ఉంది. వేధింపు మీద మొదట లోతుగా పరిశోధించినవాళ్ళలో ఒకరైన డాన్ ఓల్వేయస్ మూడు గుర్తులు చెప్పారు: కావాలని చేయడం, మళ్ళీ మళ్ళీ చేయడం, అవతలివాడు ఎదిరించలేని స్థితిలో ఉండటం. పెన్సిల్ దగ్గర ఇద్దరూ కొట్టుకోవడం తగవు. నలుగురు కలిసి రోజూ ఒక్కడి టిఫిన్ బాక్స్ దాచేయడం వేధింపు.

పిల్లలు చెప్పేది పూర్తిగా వినండి. మధ్యలో "నువ్వేం చేశావు ముందు?" అనకండి. ఏ రోజు, ఎక్కడ, ఎవరు, ఏమన్నారు అన్నవి వాళ్ళ మాటల్లోనే తేదీతో రాసుకోండి. తర్వాత క్లాస్ టీచర్‌ని టైము అడిగి కలవండి. "మీరు ఏం చేస్తారు, నేను మళ్ళీ ఎప్పుడు కనుక్కోవాలి?" అని అడిగి, జరిగిన మాటల్ని అదే రోజు చిన్న మెసేజ్‌గా పంపండి. అనుకున్న తేదీకి కదలిక లేకపోతే ప్రిన్సిపాల్‌కి రాతపూర్వకంగా ఇవ్వండి, పాత మెసేజ్ జతచేయండి. మొదటిరోజే ప్రిన్సిపాల్ గదికి వెళ్తే, ఆవిడ ఎలాగూ క్లాస్ టీచర్‌నే పిలిచి అడుగుతుంది. అవతలి పిల్లాణ్ణి గేటు దగ్గర ఆపి నిలదీయడం, వాళ్ళ ఇంటికి వెళ్ళడం మాత్రం వద్దు. అక్కడినుంచి విషయం పిల్లలది కాకుండా పోతుంది.

వీటన్నిటికీ ఒక మినహాయింపు. పెద్దవాళ్ళెవరైనా పిల్లల్ని కొట్టినా, తాకరాని విధంగా తాకినా ఈ మెట్లన్నీ ఎక్కుతూ కూర్చోవద్దు. ఆ రోజే పిల్లల రక్షణ చూసే అధికారులకో, పోలీసులకో చెప్పండి. బడి పెద్దలకు చెప్పడమంటే దాంతోపాటు చెప్పడమే. వాళ్ళు విచారించి తేల్చేదాకా ఆగనక్కర్లేదు. పిల్లల్ని పదేపదే అడిగి చెప్పించకండి, చెప్పింది నమ్మి రాసిపెట్టండి.

9. ఏడాది చివర

కొత్త క్లాస్ టీచర్‌కి అందాల్సిన సంగతులు ఏవో పాత టీచర్‌నే అడగండి. ఏ పద్ధతి పనిచేసింది, ఎక్కడ ఇంకా ఊతం కావాలి అన్నది ఆవిడకి మీకంటే బాగా తెలుస్తుంది. మొదట్లో ఇచ్చిన ఒక పేజీని తీసి, పిల్లలతో కలిసి చదివి మార్చండి. "ఇది ఇప్పుడు నిజం కాదు" అని వాళ్ళే కొన్ని కొట్టేస్తారు. తీసుకెళ్ళడానికి వచ్చేవాళ్ళ జాబితాలో పాత పేర్లు తీసేయించండి. ఆఫీసులో ఇచ్చిన మందులు తిరిగి తెచ్చుకుని, బడి తెరిచాక గడువు తేదీ చూసి కొత్త ప్యాకెట్ ఇవ్వండి.